క్రూసేడర్ల తీరం బల్ల మీద: పదిహేను బల్బుల డైరీ

చేస్తున్నది ఇది: మధ్యధరా సముద్రపు తూర్పు తీరం, అష్కెలోను నుంచి అంతియొకయ దాకా, 4×2 అడుగుల ప్లైవుడ్ మీద, కొండలూ లోయలతో సహా. 1098 నుంచి అక్కడ పుట్టిన నాలుగు క్రూసేడర్ (యెరూషలేము కోసం యూరప్ నుంచి దండెత్తి వచ్చిన క్రైస్తవ యోధుల) రాజ్యాలు (ఎదెస్సా, అంతియొకయ, యెరూషలేము, ట్రిపోలి) బల్బులతో వెలగాలి. నాలాంటి వాళ్లెవరైనా మొదలుపెడితే నేను పారేసిన సరుకు వాళ్లూ పారేయకూడదని కొలతలు, ఖర్చు, తప్పులు రాసిపెడుతున్నాను.

దశ 1: పటం (రెండుసార్లు)

స్కేలు 1:5,00,000. అంటే 1 సెం.మీ.కి 5 కి.మీ. అష్కెలోను నుంచి అంతియొకయకు ఉత్తర దక్షిణంగా 500 కి.మీ. ఉంటుంది కాబట్టి బల్ల మీద మీటరు. అడుగున, పైన కాస్త వదిలితే 122 సెం.మీ.లో సుఖంగా పడుతుంది.

ఎదెస్సా మాత్రం పట్టలేదు. అంతియొకయ నుంచి నేరుగా కొలిస్తే 250 కి.మీ. పైనే, అంటే ఈశాన్యంగా మరో 50 సెం.మీ. దానికోసం బల్ల పెంచితే సగం బల్ల ఖాళీ. నాలుగింటిలో మొదట పుట్టింది అదే (1098 మార్చి, క్రూసేడర్ నాయకుడు బాల్డ్విన్ చేతికి వచ్చింది), సముద్రం లేనిదీ అదొక్కటే. విడి ముక్కగా చేసి తీగతో కలుపుదామని పక్కన పెట్టాను.

పటాన్ని 15 ఏ4 కాగితాల మీద ముద్రించి అతికించాను. అప్పుడు కొలిచాను. ముందు కొలవాల్సింది. ఒక అక్షాంశ డిగ్రీ 111 కి.మీ., బల్ల మీద 22.2 సెం.మీ. రావాలి. వచ్చింది 21.5. ప్రింటరు ప్రతి కాగితాన్నీ "పేజీకి సరిపడేలా" కుదించింది. ఒక్కో కాగితంలో తేడా కంటికి ఆనదు. ఐదు డిగ్రీలకు మూడున్నర సెంటీమీటర్లు, అంటే 17 కి.మీ. తీరం మాయం. ఇంకోసారి 150 రూపాయలు.

ఊళ్లను అక్షాంశ రేఖాంశాలతో గుర్తించేటప్పుడు ట్రిపోలి దగ్గర లెక్క వెర్రిగా వచ్చింది. బల్లకు పడమరగా నాలుగు మీటర్ల అవతల, దాదాపు పక్కింటి వంటగదిలో పడింది. నేను రాసుకున్నది లిబియాలోని ట్రిపోలి. మనకు కావాల్సింది లెబనాన్‌ది: 34.44 ఉత్తరం, 35.84 తూర్పు. ఇలాంటి జంట పేర్లు ఇక్కడ చాలా ఉన్నాయి. తెలుగు బైబిలు చదివినవాళ్లకు తూరు, సీదోను, యొప్పే, కైసరయ కొత్త కాదు. కానీ అందులోనే కైసరయలు రెండు, అంతియొకయలు రెండు. సముద్రపు ఒడ్డు కైసరయ, సిరియా వైపు అంతియొకయ, ఇవీ మనవి.

మళ్లీ చేస్తే వరుస ఇది:
1. ప్రింటులో సైజు 100 శాతం అని పెట్టి ఒక్క కాగితమే తీయాలి.
2. 22.2 సెం.మీ. వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూడాలి.
3. ఆ తర్వాతే మిగతా 14.

ఖర్చు: ప్లైవుడ్ (12 మి.మీ.) 520, ప్రింట్లు 300. ఇప్పటిదాకా: 820 రూపాయలు, 9 గంటలు.

దశ 2: కొండలు

లెబనాన్ పర్వతాల్లో అత్యంత ఎత్తు 3,088 మీటర్లు. నా స్కేల్లో నిజాయితీగా చేస్తే 6 మిల్లీమీటర్లు, దోసెకంటే కాస్త మందం. అందుకని ఎత్తును మాత్రం ఐదు రెట్లు పెంచాను. 5 మి.మీ. సన్‌బోర్డు (ప్లాస్టిక్ నురగ పలక) ఒక పొర అంటే 500 మీటర్లు. ఆరు పొరలతో లెక్క సరిగ్గా కుదిరింది.

తప్పు ఒకటి: జిగురు. చెక్కకు వాడే తెల్ల జిగురు పూసి, పైన బరువులు పెట్టి మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు మూల పట్టుకుని లేపితే మధ్యలో ఇంకా పాలలా ఉంది. సన్‌బోర్డు నీటిని పీల్చదు, రెండు పొరల మధ్యకు గాలి పోదు, ఇక ఎండేదెలా? చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు సొల్యూషన్ తెచ్చాను. రెండు వైపులా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, ఒక్కసారే నొక్కాలి. నొక్కాక జరపడం కుదరదు. (థర్మోకోల్‌తో చేసేవాళ్లు దీని జోలికి పోవద్దు, కరిగిపోతుంది.)

తప్పు రెండు: ఇది నా తెలివితక్కువ. మొదటి పొరను సముద్ర మట్టం అనుకుని బల్ల నిండా అతికించేశాను. యొర్దాను లోయ సముద్ర మట్టానికి దిగువన ఉంటుందన్న సంగతి చిన్నప్పుడు చదివిందే. మృత సముద్రం 430 మీటర్లకు పైనే కిందికి, గలిలయ సరస్సు 210 మీటర్ల కిందికి. అంటే బల్ల మీద 4 మి.మీ., 2 మి.మీ. పల్లం. అతికించిన పొరను బ్లేడుతో కోసి, లోయ పొడవునా ప్లైవుడ్ దాకా పీకాను. సొల్యూషన్ ఎంత గట్టిగా పడుతుందో అప్పుడు తెలిసింది. రెండున్నర గంటలు, ఒక బ్లేడు, ఎడమ బొటనవేలు.

తప్పు మూడు: మెట్లు మెట్లుగా ఉన్న అంచులను వాల్ పుట్టీతో నునుపు చేయబోయి 8 మి.మీ. మందం ఒకేసారి వేశాను. తెల్లారేసరికి బీటలు. గీకి, 2 మి.మీ. చొప్పున నాలుగు పూతలు వేశాను.

పుట్టీ ఆరాక పక్కనుంచి చూస్తే మాత్రం కళ్లు తెరుచుకున్నాయి. దక్షిణాన యొప్పే చుట్టూ వేలు పెట్టేంత మైదానం ఉంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ కొండ సముద్రం మీదికి వచ్చేస్తుంది. బీరూట్, జుబైల్ దగ్గర 500 మీటర్ల పొరకూ నీటికీ మధ్య ఒక సెంటీమీటరు కూడా దక్కలేదు. తీరం బాట ఆ సందులోంచే పోవాలి. కొండల వెనక దమస్కు, ఇంకా పైన అలెప్పో. ఆ రెంటికీ నల్ల పిన్నులు పెట్టాను. క్రూసేడర్లకు అవి ఎన్నడూ చిక్కలేదు. వాళ్లకు దక్కింది ఈ సన్నని అంచు, అదీ రేవులు చేతిలో ఉన్నంత కాలమే.

ఖర్చు: సన్‌బోర్డు 950, తెల్ల జిగురు 180, సొల్యూషన్ 110, బ్లేడ్లు 60, పుట్టీ 60. ఇప్పటిదాకా: 2,180 రూపాయలు, 31 గంటలు.

దశ 3: బల్బులు

మొత్తం 15. యెరూషలేము రాజ్యానికి 10 తెల్లవి, ట్రిపోలికి 3 ఎర్రవి, అంతియొకయకు ఒక ఆకుపచ్చ, ఎదెస్సాకు ఒక పసుపు.

లతాకియాకు బల్బు పెట్టలేదు. 1103లో అంతియొకయ తరఫున క్రూసేడర్ నాయకుడు టాంక్రెడ్ గెలిచాడు, మరుసటి ఏడే బైజాంటియం సామ్రాజ్యపు నౌకాదళం వచ్చి రేవును లాక్కుంది. ఇలా చేతులు మారే ఊరికి ఒక్క సంవత్సరం రాయలేక తెల్ల పిన్నుతో సరిపెట్టాను.

రంధ్రాలు 5 మి.మీ. డ్రిల్ బిట్‌తో మొదలుపెట్టాను. తూరు దగ్గర ఊరే మాయమైంది. తూరు ఒకప్పుడు ద్వీపం. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ముట్టడి కోసం సముద్రంలో కట్ట వేస్తే, దాని చుట్టూ ఇసుక మేటవేసి నేలతో కలిసిపోయింది. కిలోమీటరు, కిలోమీటరున్నర ముక్క. నా బల్ల మీద 2-3 మి.మీ. దాని మీద 5 మి.మీ. రంధ్రం వేస్తే ఏం మిగులుతుంది? పుట్టీతో పూడ్చి, 3 మి.మీ. బల్బులకు మారాను. హైఫా, అక్కోల మధ్య కూడా 2.7 సెం.మీ.లే ఉన్నాయి కాబట్టి ఎలాగూ చిన్నవే నయం.

వైరింగు మొదటిసారి: సోమరితనంతో అన్ని బల్బులకూ కలిపి ఒకే రెసిస్టరు (కరెంటును అదుపు చేసే ముక్క). చార్జరు పెట్టగానే ట్రిపోలి మూడు ఎర్ర బల్బులు, ఎదెస్సా పసుపు వెలిగాయి. యెరూషలేము రాజ్యం అంతా చీకటి. ఎర్ర, పసుపు ఎల్‌ఈడీలకు దాదాపు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 కావాలి. కలిపి కడితే ఎర్రవి 2 వోల్టుల దగ్గరే కరెంటంతా తాగేస్తాయి, తెల్లవాటి వంతు రాదు.

సరిచేసింది:
1. ఒక్కో బల్బుకు విడిగా 220 ఓముల రెసిస్టరు.
2. 5 వోల్టుల పాత ఫోన్ చార్జరు.
3. తెల్లదానికి (5−3)÷220, అంటే సుమారు 9 మిల్లీఆంపియర్లు. ఎర్రదానికి 13, 14. మొత్తం 150 చిల్లర. మల్టీమీటరులో 151 చూపింది.

స్విచ్చులు నాలుగు, రాజ్యానికొకటి. ఆదివారం మా బావమరిది వచ్చాడు. యెరూషలేము స్విచ్చు వేసి చూపించాను. పది బల్బులూ భళ్లున వెలిగాయి. వాడు కాసేపు చూసి, "ఈ ఊళ్లన్నీ ఒక్కరోజే గెలిచారా బావా?" అన్నాడు.

"లేదురా. యెరూషలేము, యొప్పే 1099. ఈ అడుగున ఉన్న అష్కెలోను 1153."

"అంటే యాభై నాలుగేళ్లు. మరి నీ బొమ్మ అబద్ధం చెప్తోంది కదా."

కాఫీ తాగి వెళ్లిపోయాడు. నాకు ఆ వారమంతా అదే. నేను కూడా 1099తో అంతా అయిపోయిందనే ధోరణిలో వైర్లు లాగాను. నాలుగు స్విచ్చులూ పీకేశాను.

ఖర్చు: ఎల్‌ఈడీలు 90, రెసిస్టర్లు 30, వైరు 120, సోల్డరింగు సరుకు 80. ఇప్పటిదాకా: 2,500 రూపాయలు, 42 గంటలు.

దశ 4: కాలం పట్టీ

కొత్త ఆలోచన: స్విచ్చుల బదులు బల్ల పొడుగు అంచున ఒక గాడి. గాడిలో సంవత్సరాల వరుసన మేకులు, ఒక్కో మేకుకు ఆ ఏడు గెలిచిన ఊళ్ల బల్బులు. పైన ఒక చెక్క జారుతుంది, దాని అడుగున లోహపు పట్టీ. పట్టీ ముందుకు జరిగేకొద్దీ మేకులు ఒక్కొక్కటే తగులుతాయి, వెలిగిన బల్బు వెలుగుతూనే ఉంటుంది.

ఏడాదికి 2 సెం.మీ. అనుకున్నాను. 1098 నుంచి 1153 దాకా 110 సెం.మీ. వస్తుంది. అయితే పట్టీ కూడా అంతే పొడుగుండాలి, అది మొదట్లో ఎడమ పక్కన ఖాళీగా నిలబడటానికి మరో 110 కావాలి. ఏడాదికి 1 సెం.మీ.కి దిగాను. మేకుల వరుస 55, పట్టీ 58, మొత్తం 113. బల్ల 122.

మేకుల బదులు డ్రాయింగ్ పిన్నులు గుచ్చాను. 1109 రాగానే ట్రిపోలితోపాటు బీరూట్, సీదోను కూడా వెలిగాయి. అవి 1110వి. పిన్ను తల వెడల్పు కొలిస్తే సరిగ్గా 10 మి.మీ., పక్కపక్క సంవత్సరాల తలలు రాసుకుంటున్నాయి. 3 మి.మీ. తల ఉన్న ఇత్తడి మేకులు కొట్టి, తలలన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా గరుకు కాగితంతో రుద్దాను.

పట్టీకి మొదట అల్యూమినియం టేపు వాడాను. రెండు రోజుల్లో మేకుల మీద చిరిగింది, పైగా దానికి మామూలు సోల్డరు అంటుకోలేదు. నాలుగు అడుగుల ఇత్తడి పట్టీ తెచ్చాను.

మేకుల పట్టిక (కాపీ చేసుకోవచ్చు):
- 1098: ఎదెస్సా, అంతియొకయ
- 1099: యెరూషలేము, యొప్పే
- 1100: హైఫా
- 1101: అర్సూఫ్, కైసరయ
- 1102: తర్తూస్
- 1104: అక్కో, జుబైల్
- 1109: ట్రిపోలి
- 1110: బీరూట్, సీదోను
- 1124: తూరు
- 1153: అష్కెలోను

మొదటిసారి పట్టీని 1099 దగ్గర ఆపి గదిలో లైటు తీసేశాను. విడి ముక్క మీది ఎదెస్సాను పక్కన పెడితే, పైన ఆకుపచ్చ చుక్క ఒకటి, కింద రెండు తెల్ల చుక్కలు, మధ్యలో మీటరు పొడవునా చీకటి. ఎనిమిది నెలలు ముట్టడించి 1098 జూన్‌లో అంతియొకయ తీసుకున్నారు. ఆ తర్వాత తీరం బాట పట్టి, దారిలో చాలా రేవులను ముట్టడించకుండా దాటుకుంటూ వచ్చి, 1099 జూలై 15న యెరూషలేములో జొరబడి జనాన్ని ఊచకోత కోశారు. ఆ పని కాగానే ఎక్కువమంది ఓడలెక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు సముద్రం దాకా ఉన్న దారి నా బల్ల మీద 11 సెం.మీ., దాని చివర యొప్పే ఒక్కటే. తిండి, మనుషులు, గుర్రాలు ఏది రావాలన్నా ఆ ఒక్క బల్బు గుండానే. అటు అష్కెలోనులో ఈజిప్టును ఏలే ఫాతిమీల దండు. 1101, 1102, 1105లలో మూడుసార్లు రమ్లా దగ్గర పోరు జరిగింది. అందులో రెండోసారి కొత్త రాజు మొదటి బాల్డ్విన్ (ఎదెస్సా తీసుకున్నవాడే) ప్రాణాలతో బయటపడటమే గొప్ప.

ట్రిపోలి దగ్గర నాకో సందేహం వచ్చింది. ఆ రాజ్యాన్ని ఏ ఏట పుట్టించాలి? క్రూసేడర్ నాయకుడు సెయింట్ జిల్ రేమండ్ 1102లో తర్తూస్ తీసుకున్నాడు, మరుసటేడు ట్రిపోలి ఎదురుగా కొండ మీద కోట కట్టి ఊరికి నేల దారి మూశాడు. 1105 ఫిబ్రవరిలో ఆ కోటలోనే చనిపోయాడు, ఊరు చిక్కలేదు. ఇటలీలోని రేవు పట్నం జెనోవా ఓడలు తోడుగా అతని కొడుకు బెర్ట్రాండ్ ఊరిని తీసుకున్నది 1109 జూలైలో. రాజధాని లేకుండానే ఏడేళ్లు రాజ్యం నడిచిందన్నమాట. తర్తూస్ ఎర్ర బల్బును 1102 మేకుకే కట్టాను. రాజ్యాన్ని 1109 నుంచి లెక్కించేవాళ్లూ ఉన్నారు, నా బల్ల మీద మాత్రం ఇలాగే.

బావమరిది మళ్లీ వచ్చి పట్టీ లాగాడు. 1110 దాకా టకటకా వెలిగాయి. తర్వాత లాగుతున్నాడు, ఏమీ లేదు. "వైరు ఊడిందేమో బావా" అన్నాడు. ఊడలేదు. పద్నాలుగు సెంటీమీటర్ల ఖాళీ అది, తూరుది. 1111 చివర్లో మొదలెట్టి నాలుగైదు నెలలు ముట్టడించినా ఆ ఊరు లొంగలేదు. నేల వైపు నుంచి దారి ఆ పాత కట్ట ఒక్కటే, మిగతా మూడు వైపులా నీళ్లు. ఓడలు లేనివాడు ఆ గోడ ముందు కూర్చోవాల్సిందే. ఆ ఖాళీని కుదించమని వాడి సలహా. కుదించను.

ఖర్చు: పిన్నులు 20, మేకులు 30, అల్యూమినియం టేపు 90, ఇత్తడి పట్టీ 160. ఇప్పటిదాకా: 2,800 రూపాయలు, 50 గంటలు.

దశ 5: ఓడలు, రంగు

రంగు గురించి చెప్పడానికేం లేదు, నీలం రెండు పూతలు.

ఓడలు మొదటి ప్లానులో లేవు. ఒక్కో రేవు ఎలా గెలిచారో చీటీ రాస్తుంటే అన్ని చీటీల్లోనూ ఓడలే వస్తున్నాయి. అందుకని అట్టతో 12 ఓడలు కోసి, ఊరికో జెండా రంగు వేసి రేవుల ముందు గుచ్చాను. జెనోవావి ఎనిమిది: యొప్పే, అర్సూఫ్, కైసరయ, తర్తూస్, అక్కో, జుబైల్, ట్రిపోలి, బీరూట్. వెనిస్‌వి మూడు: హైఫా, సీదోను, తూరు. సీదోను దగ్గరే ఇంకొకటి నార్వేది, రాజు సిగర్డ్ స్వయంగా వచ్చాడు.

యొప్పే ఓడను విరిచి రెండు ముక్కలుగా పెట్టాను. 1099 జూన్‌లో అక్కడికి వచ్చిన జెనోవా నావికులు తమ ఓడలను ఊడదీసి, కలపను యెరూషలేముకు మోసుకుపోయారు. గోడలెక్కే బురుజులు ఆ కలపతోనే లేచాయి.

ఊరికే వచ్చినవాళ్లు కాదు వీళ్లు. దోపిడీలో వాటా, గెలిచిన ఊళ్లో వీధి అని ముందే మాట్లాడుకునేవాళ్లు. కైసరయలో జెనోవావాళ్లకు దొరికిన ఆకుపచ్చ పళ్లెం మరకతమని శతాబ్దాలు నమ్మారు. నెపోలియన్ కాలంలో పారిస్ తీసుకెళ్తే అది గాజని తేలింది. ఇప్పటికీ జెనోవా కెథడ్రల్ మ్యూజియంలో ఉంది. వెనిస్‌వాళ్ల బేరం ఇంకా గట్టిది. 1123లో యెరూషలేము రాజు రెండో బాల్డ్విన్ బందీగా ఉన్నాడు. రాజు లేని ఆ సమయంలో పాట్రియార్క్ (యెరూషలేము మతపెద్ద) వార్ముండ్ వాళ్లతో ఒప్పందం రాసుకున్నాడు: తూరులో మూడో వంతు వెనిస్‌ది. 1124 జూలై 7న తూరు లొంగింది.

అది వెలిగాక తీరం మీద చీకటి ఒక్కచోటే మిగులుతుంది, అట్టడుగున అష్కెలోను. ఈజిప్టు గాలీ (తెడ్లతో నడిచే) ఓడల్లో మనుషులెక్కువ, మంచినీళ్లకు చోటు తక్కువ. నీళ్లు నింపుకునే రేవులన్నీ పోయాక అవి ఉత్తరానికి ఎంత దూరం రాగలవో పట్టీని చూస్తూ వేలితో కొలవొచ్చు.

చివరి మరమ్మతు ఎదెస్సాది. పట్టీ 1153కి వచ్చినా దాని పసుపు బల్బు వెలుగుతూనే ఉంది. నిజానికి 1144 డిసెంబరు 24న మోసుల్, అలెప్పోల పాలకుడు జంగీ దాన్ని తీసుకున్నాడు. నా పట్టీకి వెలిగించడమే తెలుసు, ఆర్పడం రాదు. రెండు సాయంత్రాలు ఆలోచిస్తే దారి దొరికింది:
1. ఎదెస్సా మేకును 1098 దగ్గరే ఉంచి, గాడిలో 8 మి.మీ. పక్కకు జరిపాను.
2. మిగిలిన ఇత్తడి ముక్కను 46.5 సెం.మీ.కి కోసి, జారే చెక్క అడుగున పెద్ద పట్టీ పక్కన అతికించాను. రెంటి ముందు అంచులు సమంగా ఉండాలి.
3. రెండు పట్టీలనూ చిన్న వైరుతో కలిపాను.

చిన్న పట్టీ తోక 1098 మేకును దాటగానే బల్బు ఆరుతుంది. మొదటిసారి 1146 దగ్గర ఆరింది, ముక్క 1.5 సెం.మీ. ఎక్కువ కోశానని తేలింది. ఆకురాయితో అరగదీశాను. ఇప్పుడు 1144, 1145 గీతల మధ్య ఆరుతోంది. అక్కడి నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు లాగితే అష్కెలోను వెలుగుతుంది.

ఖర్చు: రంగులు 240, అట్ట, ఎదెస్సా ముక్కకు తీగ 40. మొత్తం: 3,080 రూపాయలు, 59 గంటలు. ఇందులో వృథా: ప్రింట్లు 150, తెల్ల జిగురు 180, టేపు 90, పిన్నులు 20, వెరసి 440.